జైల్లో ఉండి ఎంపీ ఎలా అయ్యారు? అమృత్‌పాల్ సింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: దుబాయ్ నుంచి తిరిగొచ్చిన కొద్ది నెలలకే అమృత్‌పాల్ సింగ్ పంజాబ్ అంతటా మారుమోగే పేరు ఎలా అయ్యారు?

జవాబు: 2024 లోక్‌సభ ఎన్నికల్లో జైలు నుంచే పంజాబ్‌లోని ఖడూర్ సాహిబ్‌లో స్వతంత్రుడిగా గెలిచిన అమృత్‌పాల్ 1993లో అమృత్‌సర్ జిల్లా జల్లూపుర్ ఖేడాలో పుట్టారు. 2012లో దుబాయ్ వెళ్లి అక్కడ కుటుంబం నడిపే రవాణా వ్యాపారం చూసుకున్నారు. నటుడు దీప్ సిద్ధూ 2021 సెప్టెంబరులో పెట్టిన 'వారిస్ పంజాబ్ దే' సంస్థకు, 2022 ఫిబ్రవరిలో సిద్ధూ రోడ్డు ప్రమాదంలో చనిపోయాక నాయకుడు లేకుండా పోయాడు. ఆ ఖాళీలోకి అమృత్‌పాల్ వచ్చారు. 2022 సెప్టెంబరు 29న ఆయనకు దస్తార్‌బందీ, అంటే తలపాగా చుట్టి బాధ్యత అప్పగించే వేడుక, జరిగింది. వేదికగా ఎంచుకున్న ఊరే సగం సంగతి చెప్పేస్తుంది. అది మోగా జిల్లా రోడే, సిక్కు మిలిటెంట్ నేత జర్నైల్ సింగ్ భింద్రాన్‌వాలే సొంత ఊరు. గుండ్రటి తలపాగా, పొడవాటి చోగా కూడా భింద్రాన్‌వాలేను గుర్తుకు తెచ్చేవే.

అయితే వేషం ఒక్కటే జనాన్ని కూడగట్టలేదు. ఊరూరా తిరిగి యువకులకు అమృతదీక్ష (ఖాల్సా సిక్కులుగా చేరే దీక్ష) ఇప్పించడం, చిట్టా మానమని చెప్పడం ఆయన ప్రచారానికి వెన్నెముక. పంజాబ్‌లో హెరాయిన్‌ను చిట్టా అంటారు. దానికి కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఎవరు చెప్పినా ఆ మాట చెవికెక్కుతుంది. ఖలిస్తాన్ (సిక్కులకు ప్రత్యేక దేశం) మాట కూడా అదే వేదిక మీద నుంచి వచ్చేది. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే తర్వాత వచ్చిన ఓట్లు అర్థం కావు.

ప్రశ్న: అజ్నాలా ఠాణా ఘటనలో పోలీసులు ఎందుకు వెనక్కి తగ్గారు?

జవాబు: 2023 ఫిబ్రవరి 23న, కిడ్నాప్ కేసులో అరెస్టయిన తన అనుచరుడిని విడిచిపెట్టాలంటూ అమృత్‌పాల్ వందల మందితో అజ్నాలా పోలీస్ స్టేషన్ మీదికి వచ్చారు. కత్తులు, తుపాకులతో వచ్చినవాళ్లు బారికేడ్లు తోసేశారు. గుంపుతో పాటు పాల్కీలో (పల్లకిలో) గురు గ్రంథ్ సాహిబ్‌ను తీసుకొచ్చారు. సిక్కులకు అది పుస్తకం కాదు, సజీవ గురువు. దానికి అపచారం జరుగుతుందేమోనని లాఠీ ఎత్తలేదని పోలీసులు తర్వాత చెప్పుకున్నారు. పోలీసులకు గాయాలయ్యాయి. మర్నాడు అనుచరుడు విడుదలయ్యాడు. గురువును ఆందోళనల్లోకి తీసుకెళ్లవచ్చా లేదా తేల్చడానికి సిక్కుల అత్యున్నత మతపీఠమైన అకాల్ తఖ్త్ కమిటీ వేసింది.

మార్చి 18న వేట మొదలైంది, రాష్ట్రంలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఏప్రిల్ 23న రోడే గ్రామంలోనే ఆయన దొరికారు. విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చే జాతీయ భద్రతా చట్టం కింద అక్కడి నుంచి అస్సాంలోని డిబ్రూగఢ్ జైలుకు తరలించారు.

ప్రశ్న: జైల్లో ఉన్నవాడికి ఓటే ఉండదు కదా, పోటీ ఎలా చేశారు?

జవాబు: చాలామంది కలగలిపేస్తున్న విషయం ఇదే. నిందితుడు (కేసు విచారణలో ఉన్నవాడు), నిర్బంధితుడు (విచారణ లేకుండా ముందుజాగ్రత్తగా పట్టి ఉంచినవాడు), దోషి (నేరం రుజువైనవాడు) అని మూడు రకాల వాళ్లుంటారు. చట్టం ముగ్గురినీ ఒకేలా చూడదు.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 62(5) ప్రకారం జైల్లో ఉన్నవాళ్లు ఓటు వేయలేరు. ఓటు లేనివాడు పోటీకి కూడా అనర్హుడేనని 2013 జులైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పార్లమెంటు అదే ఏడాది చట్టాన్ని సవరించింది. జైల్లో ఉన్నా జాబితాలో పేరున్నంత కాలం ఓటరుగానే లెక్క, కాబట్టి పోటీ చేయవచ్చు. అనర్హత వచ్చేది శిక్ష పడ్డాకే. సెక్షన్ 8(3) కింద రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడితే జైలు కాలమంతా, విడుదలయ్యాక మరో ఆరేళ్లు పోటీకి దూరం. అమృత్‌పాల్ మీద కేసులున్నాయి గానీ నామినేషన్ నాటికి ఏ కేసులోనూ శిక్ష పడలేదు.

ఇంకో విశేషం. విచారణ ఖైదీకి ఓటు లేదు గానీ, ముందస్తు నిర్బంధంలో ఉన్నవారికి ఉంది. వాళ్లు పోస్టల్ బ్యాలెట్‌తో ఓటు వేయవచ్చు.

ప్రశ్న: జైలు నుంచి నామినేషన్ ఎలా వేస్తారు? ఎక్కడ పొరపాటు జరిగే వీలుంది?

జవాబు: నామినేషన్ పత్రాన్ని అభ్యర్థే వెళ్లి ఇవ్వాలని లేదు, ప్రతిపాదకుడు ఇచ్చినా చాలు. లోక్‌సభకు ఫారం 2ఏ, ఆస్తులు, కేసుల వివరాలతో ఫారం 26 ప్రమాణపత్రం, 25,000 రూపాయల డిపాజిట్ (ఎస్సీ, ఎస్టీలకు 12,500) ఉండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు సరిపోతాడు. స్వతంత్రుడికి మాత్రం అదే నియోజకవర్గ ఓటర్లు పదిమంది సంతకం పెట్టాలి. ఆ పదిమందిలో ఒక్కరి ఓటు పక్క నియోజకవర్గంలో ఉన్నా పత్రం చెల్లదు. ఫారం 26లో ఏ గడినీ ఖాళీగా వదలకూడదు, వర్తించకపోతే ఆ మాటే రాయాలి. రిటర్నింగ్ అధికారి నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే తిరస్కరిస్తారు.

జైల్లోని అభ్యర్థులు ఎక్కువగా జాగ్రత్తపడాల్సింది ప్రమాణం విషయంలో. నామినేషన్ వేసిన తర్వాత, పరిశీలన రోజు రాకముందే అభ్యర్థి ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఖైదీ అయితే జైలు సూపరింటెండెంట్ ఎదుట చేయవచ్చు. ఆ కాగితం పరిశీలనకు ముందే రిటర్నింగ్ అధికారికి చేరేలా చూసుకోవాలి.

ప్రశ్న: ఖలిస్తాన్ కోరే వ్యక్తి భారత రాజ్యాంగం మీద ప్రమాణం ఎలా చేస్తారు?

జవాబు: చేయక తప్పదు, అదీ రెండుసార్లు. 'శాసనం ద్వారా నిర్మితమైన భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత' అనే మాటలు మనకు టీవీలో విని విని కంఠతా వచ్చినవే. దాని వెంటే వచ్చే 'భారత సార్వభౌమాధికారాన్ని, సమగ్రతను కాపాడతాను' అనే ముక్క మొదటి నుంచీ లేదు. 1963లో 16వ సవరణతో చేర్చారు, వేర్పాటు వాదాన్ని దృష్టిలో పెట్టుకునే. అభ్యర్థిగా ఒకసారి, గెలిచాక సభలో కూర్చునే ముందు మరోసారి చెప్పాలి. ప్రమాణం చేయకుండా సభలో కూర్చుంటే 104వ అధికరణ కింద రోజుకు 500 రూపాయల జరిమానా.

అమృత్‌పాల్ 2024 జులై 5న స్పీకర్ ఛాంబర్‌లో ప్రమాణం చేశారు. అందుకు నాలుగు రోజుల పెరోల్ ఇచ్చారు. ఢిల్లీ దాటకూడదు, మీడియాతో మాట్లాడకూడదు అన్న షరతులు పెట్టారు. బారాముల్లా ఎంపీ ఇంజినీర్ రషీద్ కూడా అదే రోజు జైలు నుంచి వచ్చి ప్రమాణం చేశారు.

ప్రశ్న: 60 రోజులు సభకు రాకపోతే పదవి పోతుందట కదా?

జవాబు: దానంతట అది పోదు. 101(4) అధికరణ ప్రకారం సభ అనుమతి లేకుండా 60 రోజులు గైర్హాజరైతే ఆ స్థానం ఖాళీ అని సభ 'ప్రకటించవచ్చు'. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగించిన) రోజులు, నాలుగు రోజులకు మించి వాయిదా పడిన రోజులు లెక్కలోకి రావు. శని, ఆదివారాలు మాత్రం వస్తాయి. అమృత్‌పాల్ విషయంలో లెక్క ఇలా నడిచింది: 2024 జూన్ 24 నుంచి జులై 2 వరకు 9 రోజులు, జులై 22 నుంచి ఆగస్టు 9 వరకు 19, నవంబరు 25 నుంచి డిసెంబరు 20 వరకు 26. మొత్తం 54. అరవైకి ఆరు రోజులే తక్కువ. 2025 మార్చిలో సభ ఆ 54 రోజులకూ సెలవు మంజూరు చేసింది. ఇలాంటి ఎంపీ ముందుగానే సెలవు కోరుతూ స్పీకర్‌కు రాసుకోవడం క్షేమం.

నిర్బంధంలో ఉన్న ఎంపీకి సభకు వెళ్లే హక్కు ఉందా అంటే లేదు. ఆనందన్ నంబియార్ కేసులో 1960ల్లోనే సుప్రీంకోర్టు ఆ విషయం తేల్చింది. సభ్యులకు అరెస్టు నుంచి ఉన్న రక్షణ సివిల్ వ్యవహారాలకే.

ప్రశ్న: జాతీయ భద్రతా చట్టం కింద ఏడాదికి మించి ఉంచకూడదంటారు, మరి ఈయనను ఎలా ఉంచారు?

జవాబు: ఒక ఉత్తర్వుకు గరిష్ఠం 12 నెలలే. కలెక్టర్ ఇచ్చిన ఉత్తర్వును 12 రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించాలి. మూడు వారాల్లో, నిర్బంధం సబబో కాదో చూసే సలహా మండలికి పంపాలి, మండలి ఏడు వారాల్లోపు నివేదిక ఇవ్వాలి. మండలి ముందు లాయరును పెట్టుకునే హక్కు నిర్బంధితుడికి లేదు. గడువు తీరితే కొత్త ఉత్తర్వు తెస్తారు. అమృత్‌పాల్‌కు 2024లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో మరోసారి అలాగే జరిగింది. అనుచరులకు మాత్రం 2025లో పొడిగించలేదు. వాళ్లను పంజాబ్‌కు తెచ్చి అజ్నాలా కేసులో అరెస్టు చేశారు. మా దృష్టిలో సరైన దారి అదే. ఠాణా మీద దాడి జరిగిందంటే సాక్ష్యాలు కోర్టులో పెట్టాలి. విచారణ లేని నిర్బంధం ఏళ్లకేళ్లు సాగితే, ఓటరుకు కనిపించేది కేసు కాదు, జైల్లో ఉన్న మనిషి.

ప్రశ్న: నాలుగు లక్షల ఓట్లంటే ఖలిస్తాన్‌కు మద్దతేనా?

జవాబు: ఖడూర్ సాహిబ్‌లో ఆయనకు 4,04,430 ఓట్లు, 1,97,120 మెజారిటీ వచ్చాయి. కానీ ఆ నేల చరిత్ర చూడండి. 1989లో అదే ప్రాంతంలోని తరన్ తారన్ నుంచి సిమ్రన్‌జిత్ సింగ్ మాన్ జైల్లో ఉండే గెలిచారు. పొడవాటి కిర్పాన్‌తో (సిక్కులు ధరించే కత్తితో) సభలోకి రానివ్వలేదని ఆయన లోపలికి అడుగే పెట్టలేదు. 1990ల్లో పోలీసులు రహస్యంగా దహనం చేసిన శవాల లెక్కలు బయటపెట్టిన జస్వంత్ సింగ్ ఖాల్డా భార్య పరమ్‌జీత్ కౌర్ 2019లో ఇక్కడే పోటీ చేసి రెండు లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. అంటే ఆనాటి గాయం, చిట్టా మీద కోపం, పాత అకాలీల (సిక్కు పార్టీ అకాలీదళ్ నేతల) మీద విసుగు అన్నీ ఒకే పెట్టెలో పడ్డాయి. ఆ ఓట్లన్నిటికీ వేర్పాటు వాదం ముద్ర వేయడం తప్పు, అసలు లేదనడమూ తప్పే.

2025 జనవరిలో ముక్త్‌సర్ మాఘీ మేళాలో ఆయన వర్గం 'అకాలీదళ్ (వారిస్ పంజాబ్ దే)' పేరుతో పార్టీ ప్రకటించింది. ఎన్నికల సంఘం దగ్గర పార్టీ నమోదు కావాలంటే సెక్షన్ 29ఏ ప్రకారం దేశ సమగ్రతను కాపాడతామని నియమావళిలో రాయాల్సిందే. స్వతంత్రుడిగా గెలిచిన ఎంపీ తర్వాత పార్టీలో చేరితే పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిషేధం) కింద అనర్హతకు గురవుతాడు, ఫిర్యాదు వస్తే తేల్చేది స్పీకర్. అదే ఏడాది నవంబరులో తరన్ తారన్ అసెంబ్లీ ఉపఎన్నికలో ఆ వర్గం బలపరిచిన అభ్యర్థి మూడో స్థానంలో నిలిచారు.