మొదటి ఫోన్ చేసే ముందు

అమ్మా,

మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లో తోడుగా ఉండే పనికి ఒప్పుకున్నావని తెలిసి చాలా సంతోషపడ్డాను. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని కాబట్టి, నువ్వు మొదలుపెట్టే ముందే కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ఫోన్ ఎత్తగానే "బాబు ఎలా ఉన్నాడు?" అని అడగకు. ఆ తల్లి పొద్దుట నుంచి అందరికీ ఆ జవాబే చెప్పి అలిసిపోయి ఉంటుంది. "రాత్రి మీరు కాస్తయినా పడుకున్నారా?" అని అడుగు. అవతల నుంచి మాట రాకపోతే కంగారుపడి నువ్వే మాట్లాడేయకు, ఆగు. ఒకావిడతో ఎప్పుడు మాట్లాడినా వెనక నీళ్ల చప్పుడు వినిపించేది. పక్క గదిలో ఉన్న కొడుకు చెవిన పడకూడదని స్నానాల గదిలో కుళాయి తిప్పి మాట్లాడుతున్నానని మూడో వారం చెప్పింది. అప్పటి వరకూ నాకు తట్టనేలేదు. పిల్లలు దగ్గర్లో ఉన్నారేమో కనుక్కున్నాకే ఇప్పుడు నేను మాట మొదలుపెడతాను.

"కావాలనే చేస్తున్నాడు" అన్న మాట నీకు తరచూ వినిపిస్తుంది. మెదడు ముందుభాగం దెబ్బతింటే పని మొదలుపెట్టడం, కోపం ఆపుకోవడం, ఒకదాని తర్వాత ఒకటి గుర్తుపెట్టుకోవడం కష్టమవుతాయి. పైకి గాయం కనిపించదు కాబట్టి మొండితనంలా అనిపిస్తుంది. పసితనంలో తగిలిన దెబ్బ కొన్నిసార్లు ఏళ్ల తర్వాత, చదువు బరువు పెరిగినప్పుడు గానీ బయటపడదు. ఈ సంగతి ఒకసారి చెబితే సరిపోదు, ఓపిగ్గా మళ్లీ మళ్లీ చెప్పాలి.

గొడవ జరిగే సమయాన్ని వీలైతే చిన్న వీడియో తీసి పంపమను. తొమ్మిదేళ్ల పిల్లాడు ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోది చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్న వీడియో నాకింకా కళ్ల ముందుంది. వెనక టీవీ మోగుతోంది. తల్లి "సాక్సులు, బూట్లు, బ్యాగు, త్వరగా!" అంటోంది. టీవీ కట్టేసి, ఒక్క మాట చెప్పి, మనసులో పది అంకెలు లెక్కపెట్టి ఆగమన్నాను. ఆ వారానికి అదొక్కటే పని. తర్వాతి వారం పిల్లాడు రెండో సాక్సు వేసుకున్నాడని చెబుతూ ఆవిడ ఏడ్చేసింది. నువ్వూ అంతే, ఒక్కో ఫోనుకు ఒక్క పనే ఇవ్వు. అయిదు చెబితే, ఏదీ చేయలేకపోయానన్న దిగులు మిగులుతుంది.

దూరం నుంచి చేసే సాయం ఏపాటిదని నువ్వు అనుమానపడే రోజులొస్తాయి. అమెరికాలో సిన్సినాటి పిల్లల ఆసుపత్రికి చెందిన షారీ వేడ్ బృందం ఇలాంటి కుటుంబాలకు సమస్యలు విడదీసి చూసుకోవడం ఇంటర్నెట్ పాఠాలు, వీడియో కాల్స్ ద్వారానే నేర్పింది. తల్లిదండ్రుల దిగులు, ఆందోళన తగ్గాయని 2006లో వాళ్లు ప్రచురించారు.

మందుల విషయంలో మాత్రం నోరు కట్టేసుకో, అది డాక్టరుదే. ఫిట్స్ వస్తే పిల్లాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. అయిదు నిమిషాలు దాటితే వెంటనే అంబులెన్సు పిలవాలి. ఆగకుండా వాంతులు, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మత్తు ఉన్నా అంతే. ఇలాంటప్పుడు ఫోన్ పెట్టేసి ఆసుపత్రికి బయల్దేరమను.

తండ్రులను వదిలేయకు. "అంతా ఆవిడే చూసుకుంటుంది" అంటారు, కానీ చాలామంది దెబ్బ తగిలిన ఆ రోజు దగ్గరే ఆగిపోయి ఉంటారు. ఆ రోజు గురించి ఒక్కసారి చెప్పనివ్వు.

ఫలానా రోజు ఫలానా గంటకు చేస్తానంటే ఆ గంటకే చెయ్యి. వాళ్లు ఫోను ఎదురుగా పెట్టుకుని కూర్చుంటారు.

నీ మొదటి ఫోన్ అయ్యాక నాకూ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
నీ పిన్ని