బ్రిస్బేన్‌లో ఇల్లు వెతికేముందు నది మ్యాప్ చూడండి

బ్రిస్బేన్‌కి కొత్తగా వచ్చే మనవాళ్లు మొదట అడిగేది "ఏ ఏరియాలో ఇల్లు అద్దెకు తీసుకోమంటారు?" అనే. ఏరియా సంగతి తర్వాత, ముందు మ్యాప్‌లో నదిని చూడండి అంటాను నేను. క్వీన్స్‌లాండ్ రాజధాని అయిన ఈ ఊళ్లో బ్రిస్బేన్ నది తిరగని మెలిక లేదు.

వెస్ట్ ఎండ్, టూవాంగ్ మ్యాప్‌లో ఎదురెదురుగా కనిపిస్తాయి. కానీ మధ్యలో వంతెన లేదు, కారులో చుట్టూ తిరిగి రావాల్సిందే. సెయింట్ లూసియాలో ఉన్న క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకి మూడు వైపులా నదే. అక్కడ చేరేవాళ్లు అవతలి ఒడ్డున డటన్ పార్క్‌లో ఉన్నా ఫర్వాలేదు. 2006లో కట్టిన ఎలినార్ షోనెల్ వంతెన మీద బస్సులో గానీ, సైకిల్ మీద గానీ, నడిచి గానీ వెళ్లొచ్చు. కార్లను రానివ్వరు. అందుకే కిలోమీటర్లు కాదు, ఇక్కడి ప్రజా రవాణా సంస్థ ట్రాన్స్‌లింక్ జర్నీ ప్లానర్‌లో నిమిషాలు చూసుకోండి. బస్సు, రైలు, సిటీక్యాట్ ఫెర్రీ ఏదెక్కినా 50 సెంట్లే, 2024 ఆగస్టు నుంచి. ఎయిర్‌పోర్ట్ రైలుకు మాత్రం ఈ రేటు లేదు.

అసలు జాగ్రత్త వరదల దగ్గర. 1974 వరద తర్వాత నది మీద వైవెన్‌హో డ్యామ్ కట్టారు. అయినా 2011 జనవరిలో నది మట్టం కొలిచే సిటీ గేజ్ దగ్గర నీళ్లు 4.46 మీటర్లకు చేరాయి. 2022 ఫిబ్రవరిలో మళ్లీ 3.85 మీటర్లు. సిటీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఆ ఇంటికి వరద ముప్పు ఎంతో చెప్పే ఫ్లడ్‌వైజ్ రిపోర్ట్ ఉచితంగా వస్తుంది. రివర్ వ్యూ ఫొటోలు చూసి అడ్వాన్స్ కట్టేకంటే ఆ రిపోర్ట్ చదవడం మేలు. "మాది మూడో అంతస్తు కదా, టెన్షన్ ఎందుకు" అనకండి. బేస్‌మెంట్‌లోకి నీళ్లొస్తే కారు పోతుంది, కరెంటు పోతుంది, లిఫ్ట్ ఆగిపోతుంది. ఓనర్ ఇన్సూరెన్స్ మీ సామాన్లకు పనికిరాదు, కంటెంట్స్ ఇన్సూరెన్స్ మీరే తీసుకోవాలి. అందులో వరద కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి.

బాండ్ డబ్బు, అంటే అద్దె ఇంటి డిపాజిట్, ఆర్టీఏ (రెసిడెన్షియల్ టెనెన్సీస్ అథారిటీ, అద్దె ఇళ్ల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర జమ కావాలి. రసీదు ఇవ్వకుండా చేతికి క్యాష్ అడిగేవాళ్లను నమ్మొద్దు.

ఇంకోటి. క్వీన్స్‌లాండ్‌లో డేలైట్ సేవింగ్, అంటే వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం, లేదు. ఇండియాలో ఇంటికి ఫోన్ చేయడానికి ఏడాదంతా నాలుగున్నర గంటల తేడానే. కానీ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా సిడ్నీ, మెల్‌బోర్న్ బ్రిస్బేన్ కంటే గంట ముందుంటాయి. ఆ నెలల్లో అక్కడి కంపెనీ ఇంటర్వ్యూ పదింటికి అంటే, మీరు తొమ్మిదింటికే లాగిన్ అవ్వాలి.