గొంతు మారాలంటే తెలుగు యాస పోవాలా?

ఇంగ్లీషు మాట్లాడే దేశాలకు కొత్తగా వచ్చిన ట్రాన్స్ మహిళలు నన్ను తరచుగా అడిగే సందేహం ఇది: "అక్కా, నా గొంతు ఆడగొంతులా వినిపించాలంటే ముందు ఈ తెలుగు యాసను వదిలించుకోవాలా?" అక్కరలేదన్నదే నా సమాధానం. అలాగని యాసకూ గొంతుకూ సంబంధమే లేదని కూడా అనలేను. ఆ సంబంధం ఎంతవరకో తెలియక, చాలామంది నెలల తరబడి చేసే సాధనను అవసరం లేని చోట ఖర్చుపెడుతున్నారు.

యుక్తవయసులో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ వల్ల మందంగా, పొడవుగా ఎదిగిన స్వరతంత్రులను ఇప్పుడు తీసుకునే స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజన్ వెనక్కి తీసుకురాలేదు. కాబట్టి హార్మోన్లు మొదలయ్యాయి కదా, గొంతు దానంతటదే మారుతుందిలే అని ఎదురుచూడవద్దు. సాధన అనగానే అందరి దృష్టీ పిచ్ మీదికే, అంటే స్వరం ఎంత హెచ్చుగా ఉందన్న దాని మీదికే పోతుంది. మామూలు మాటల్లో పురుషుల సగటు పిచ్ సుమారు 100 నుంచి 130 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు), స్త్రీలది సుమారు 180 నుంచి 220 హెర్ట్జ్ ఉంటుంది కనుక, ఫోన్‌లో ఒక యాప్ పెట్టుకుని ఆ అంకెను పైకి నెట్టడమే పని అనిపిస్తుంది. కానీ పిచ్ ఒక్కటే పెంచితే ఎదుటివారికి వినిపించేది సన్నగా మాట్లాడే మగగొంతే. చెవి అంతే శ్రద్ధగా పట్టుకునే మరో గుర్తు అనునాదం, అంటే గొంతులోనూ నోటిలోనూ ధ్వని మోగే తీరు. స్వరపేటిక నుంచి పెదవుల వరకు ఉన్న దారి పురుషుల్లో సగటున 17 సెంటీమీటర్లు ఉంటే స్త్రీలలో 14, 15 సెంటీమీటర్లే ఉంటుంది. స్వరపేటికను కాస్త పైకి తెచ్చి, నాలుకను ముందుకు ఉంచి మాట్లాడితే ఆ దారి కురచబడి, మోత తేలికవుతుంది. గుసగుసలో పిచ్ అనేదే ఉండదు. అయినా గుసగుసలాడేది ఆడమనిషో మగమనిషో చాలాసార్లు పోల్చుకోగలుగుతున్నామంటే అది అనునాదం వల్లనే. అందుకే సాధనను గుసగుసతో మొదలుపెట్టమని చెబుతాను.

యాస అడ్డుపడేది ఇక్కడే, అదీ కొద్దిగానే. "టుడే", "డాక్టర్" అన్నప్పుడు మనం నాలుక కొనను వెనక్కి మడిచి అంగిలికి తాకిస్తాం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారు పైపళ్ళ వెనుక చిగురుకు తాకిస్తారు. నాలుకను మడిచి పలికే ధ్వనుల దగ్గర మూడో ఫార్మెంట్ (గొంతు, నోటి దారిలో బలంగా మోగే పౌనఃపున్యాలలో మూడోది) కిందికి దిగుతుందని ధ్వనిశాస్త్రం చెబుతుంది. అంతమాత్రాన ట, డ, ణ, ళ అన్నవి మగ అక్షరాలైపోవు. తెలుగు స్త్రీలందరూ వాటిని పలుకుతూనే ఉన్నారు. మీరు చూసుకోవలసింది, ఆ అక్షరం కోసం వెనక్కి వెళ్ళిన నాలుక పక్కనున్న అచ్చును కూడా తనతో లాక్కుపోతోందా అన్నదే. "అత్త", "అట్ట" అనే రెండు మాటలను వెంటవెంటనే రికార్డు చేసి వినండి. రెండో మాటలో "అ" బరువుగా, గొంతు లోపలి నుంచి వస్తున్నట్టు వినిపిస్తే, "ట"ను అలాగే ఉంచి ఆ అచ్చును సరిచేసుకోండి.

పిచ్, అనునాదాల తరువాతిది మాట తూగు, కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టేది ఇదే. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానమైన ఒత్తిడితో నడుస్తాయి, ఇంగ్లీషులో మాత్రం ఒక అక్షరం లేచి పక్కవి అణగిపోతాయి. మన సమమైన నడకతోనే ఇంగ్లీషు మాట్లాడితే, స్వరం ఎక్కువగా లేచిపడటాన్ని ఆడతనంగా వినడానికి అలవాటుపడిన చెవికి అది ఒకే స్వరంలో సాగుతున్నట్టు తోస్తుంది. దీనికి విరుగుడుగా కొందరు అక్కడి టీవీ యాంకర్ల వరసను దించేస్తారు. అది తెచ్చిపెట్టుకున్నట్టుండి, ఎవరూ పట్టించుకోని గొంతును కూడా అందరూ తిరిగి చూసేలా చేస్తుంది. మీకు నమూనా కావలసింది అదే దేశంలో ఏళ్ళుగా ఉంటూ తెలుగు యాసతోనే ఇంగ్లీషు మాట్లాడే స్త్రీలు. వారు ప్రశ్న ఎలా అడుగుతారో, ఒక మాటను నొక్కవలసి వచ్చినప్పుడు గట్టిగా అనకుండా స్వరాన్ని ఎలా లేపుతారో వినండి. ఆడగొంతు ఇలాగే ఉండాలని అన్ని భాషలకూ చెల్లే కొలత లేదు: జపాన్ స్త్రీలు డచ్చి స్త్రీలకంటే ఎక్కువ పిచ్‌లో మాట్లాడతారని 1990లలోనే పరిశోధకులు చూపించారు.

ఫోన్ సంగతి వేరు. పాతకాలపు ఫోన్ లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసుకెళుతుంది కాబట్టి పిచ్ తాలూకు మూలధ్వని అవతలికి చేరదు, చెవి దానిని మిగిలిన ధ్వనులను బట్టి ఊహించుకుంటుంది. "స" పలికేటప్పుడు ఉండే పదును కూడా చాలావరకు తెగిపోతుంది. ముఖాముఖి నిలిచిన గొంతు ఫోన్‌లో నిలవకపోవడానికి ఇది ఒక కారణం. బ్యాంకువారితో మాట్లాడేటప్పుడు పేరు చెప్పేదాకా బాగానే ఉండి, ఖాతా సంఖ్యను ఎక్కం అప్పజెప్పినట్టు ఒకే స్వరంలో చదవగానే అవతలి నుంచి "సర్" అని వినబడటం చాలామందికి అనుభవమే. అంకెలను మూడేసిగా విడగొట్టి, ప్రతి గుంపు చివర స్వరాన్ని కొద్దిగా లేపి, ఆఖరి గుంపు దగ్గర మాత్రమే దించండి. మన పొడవాటి పేర్ల స్పెల్లింగు చెప్పేటప్పుడూ ఇదే పద్ధతి పాటించండి.

సాధన తెలుగులోనే మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పరాయి భాషలో మాటలు వెతుక్కుంటూ నాలుకనూ గొంతునూ గమనించుకోవడం కష్టం. పైగా హిందీలోలా "నేను వచ్చాను" అనడానికి మన క్రియలో లింగభేదం లేదు కాబట్టి, వ్యాకరణం గురించి ఆలోచించకుండా ధ్యాసంతా ధ్వని మీదే పెట్టవచ్చు. అయితే ఇంగ్లీషులోకి మారగానే గొంతు పాత చోటికి జారిపోవడం మామూలే కనుక, రెండు భాషలకూ విడివిడిగా సమయం కేటాయించాలి.

గొంతుకు చేసే శస్త్రచికిత్స పిచ్‌ను పెంచుతుంది; అనునాదం, తూగు సాధనతో రావలసినవే. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూపాథ్ సంస్థ 2022లో వెలువరించిన ఎనిమిదో కూర్పులో గొంతుకు విడిగా ఒక అధ్యాయం ఉంది. బీమా సంస్థకు అర్జీ పెట్టుకునేటప్పుడు దానిని ప్రస్తావించండి. స్పీచ్ థెరపిస్టు దగ్గరికి మొదటిసారి వెళ్ళేటప్పుడు తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి రికార్డింగు తీసుకువెళ్ళి, యాస మార్చుకోవడానికి రాలేదని ముందే స్పష్టంగా చెప్పండి. యాస అనారోగ్యమూ కాదు, లోపమూ కాదు కనుక మంచి థెరపిస్టు ఆ మాటను వెంటనే అర్థం చేసుకుంటారు. అలా కాకుండా మీ ట, డలను దిద్దడంతోనే పాఠం మొదలుపెడితే, మరొకరిని వెతుక్కోండి.