ఫీకాకి పిలిస్తే కాదనకండి

స్వీడన్ వచ్చిన కొత్తలో ఆఫీసులో తొమ్మిదిన్నరకి అందరూ లేచి వెళ్తుంటే నేను సీట్లోనే ఉండిపోయేదాన్ని. పని వదిలి కబుర్లకి కూర్చుంటే ఏమనుకుంటారో అని టెన్షన్. నెల తిరిగాక టీమ్‌లో ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "మాతో కూర్చోవడం నీకు ఇష్టం లేదా?" అని మెల్లగా అడిగింది. మనసు చివుక్కుమంది. అందుకే కొత్తగా వచ్చేవాళ్లకి ముందుగా చెప్పేది ఇదే: ఫీకా, అంటే పని మధ్యలో అందరూ కలిసి కూర్చుని కాఫీ తాగే విరామం, మానకండి. మేనేజరూ అక్కడే కూర్చుంటారు, నిన్న చేరిన కుర్రాడూ అక్కడే.

పందొమ్మిదో శతాబ్దంలో కాఫీని వాడుకలో 'కఫ్ఫి' అనేవారట, ఆ మాటని తిరగేస్తే 'ఫీకా' అయింది. కాఫీ పాలు లేకుండా, మన డికాక్షనంత చిక్కగా లేకుండా ఉంటుంది. పాలు కావాలంటే ఫ్రిజ్‌లో ఉంటాయి, కలుపుకోండి. తాగాక ఎవరి కప్పు వాళ్లే డిష్‌వాషర్‌లో పెట్టాలి.

పక్కన తినడానికి దాల్చినచెక్క బన్ను, కనెల్‌బుల్లె, చాలా పేరున్నది. దాని పేరు మీద అక్టోబర్ 4న ప్రత్యేకంగా ఒక దినమే ఉంది. నా ప్రాణం మాత్రం యాలకుల బన్ను మీదే. ముడి వేసిన పిండి మీద బరకగా దంచిన యాలకుల గింజలు నల్లగా కనిపిస్తాయి. వేడిగా విరిస్తే అమ్మ పాయసం దించినప్పటి వాసన. మొదటిసారి తిన్నప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. డిసెంబర్ 13న లూసియా పండగకి కుంకుమపువ్వు బన్నులు, ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం మొదలయ్యే ముందురోజు మంగళవారం క్రీమ్ నింపిన సెమ్లా అనే బన్ను.

భోజనం దగ్గర కొంచెం జాగ్రత్త. ప్యాకెట్ మీద 'ఫ్లాస్క్' అంటే పంది మాంసం, 'నోట్' అంటే గొడ్డు మాంసం. ఇక్కడి మాంసం ఉండల్లో చాలాసార్లు రెండూ కలుస్తాయి. శాకాహారులు రంగురంగుల జెల్లీ మిఠాయిల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉందేమో చూసుకోండి. పెరుగన్నం లేనిదే గడవనివాళ్లకి 'ఫిల్' ఉంది, పలచటి పుల్ల పెరుగు. నేను అందులోనే తాలింపు వేస్తాను.

చాలా ఆఫీసుల్లో శుక్రవారం ఫీకాకి వంతులుంటాయి. మీ వంతు వస్తే కొనుక్కెళ్లకండి, రవ్వలడ్డూలు చేసి తీసుకెళ్లండి. జీడిపప్పు పడనివాళ్లు ఉండొచ్చు, ఏమేం వేశారో చీటీ మీద రాసి డబ్బా పక్కన పెట్టండి.