టెక్సాస్‌లో ఇంటిపన్ను పెరిగితే ఎక్కడ అడగాలి?

సెలవులకు కర్నూలు వచ్చినా ఈ ప్రశ్న వదలట్లేదు. సీ క్యాంపులో ఎవరింటికి పోయినా టెక్సాస్‌లో ఇల్లు కొన్న కొడుకో కూతురో ఉన్నారు. "మా వాడికి ఇంటిపన్ను ఒక్కసారిగా పెరిగిందంట, ఎవర్నడగాలన్నా?"

ముందు ఎందుకు పెరిగిందో చూడాలి. అక్కడ జనవరి 1 నాటి విలువే లెక్క. ఆ రోజుకు ఇల్లు కట్టకపోతే మొదటి ఏడాది స్థలం మీదే పన్ను పడుతుంది, మరుసటేడు ఇల్లూ కలుస్తుంది. కొత్తిల్లు కొన్న మనవాళ్ళ టెన్షన్‌కు చాలాసార్లు కారణం ఇదే.

విలువ కట్టేది సిటీ కాదు, కౌంటీకి ఉండే అప్రైజల్ డిస్ట్రిక్ట్. నోటీసు సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15లోపు గానీ, నోటీసు పంపిన 30 రోజుల్లోపు గానీ, ఏది తర్వాతైతే ఆలోపు అక్కడే ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం వేయాలి. అది వదిలేసి ఆగస్టులో సిటీ కౌన్సిల్ ముందు నిలబడి మొరపెట్టుకుంటే వాళ్ళు చేసేదేమీ ఉండదు. సొంతంగా ఉంటున్న ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు అప్లై చేశారా? చేస్తే, మరుసటేడు నుంచి పన్ను లెక్కకు తీసుకునే విలువ మామూలుగా ఏడాదికి 10 శాతం మించి పెరగదు.

కౌన్సిల్ చేతిలో ఉండేది సిటీ రేటు, సిటీ ఖర్చు. బిల్లులో పెద్ద వాటా బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, దాని హియరింగ్ (జనం మాట వినే సమావేశం) వేరే. చాలా సిటీల బడ్జెట్ అక్టోబరు 1న మొదలవుతుంది కాబట్టి హియరింగులు ఆగస్టు, సెప్టెంబరుల్లో పెడతారు. హెచ్‌1బీ మీదున్నా మాట్లాడొచ్చు, ఓటే ఉండదు. ఇచ్చేది రెండు మూడు నిమిషాలు. "పన్ను తగ్గించండి" అని అందరూ అంటారు. మీరు "నో న్యూ రెవెన్యూ" రేటు అడగండి. పాత ఆస్తుల మీద కిందటేడంత ఆదాయమే రావడానికి సరిపోయే రేటది. రేటు పెంచలేదని సిటీ చెప్పినా, ఇళ్ళ విలువలు పెరిగితే దాని ఆదాయం పెరుగుతూనే ఉంటుంది. పెంచిన డబ్బు ఏ పద్దుకు పోతోందో కూడా అడగండి. నన్నడిగితే, హియరింగ్ దాకా ఆగకుండా వేసవిలో జరిగే బడ్జెట్ వర్క్‌షాపులకే పోవడం మేలు. అప్పటికి అంకెలు ఇంకా కదులుతుంటాయి.

కర్నూల్లోనూ ఇల్లుంటే దాని సంగతి వేరు. 2021 నుంచి ఇక్కడ అద్దె విలువ పోయి మూలధన విలువ మీద పన్ను వచ్చింది. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది, ఆన్‌లైన్‌లో అక్కణ్ణుంచే కట్టేయొచ్చు.