కణ నమూనా: శాంపిలా, మోడలా?

సందేహం: తొలి దశ రొమ్ము క్యాన్సర్‌ను అర్థం చేసుకోవడానికి ల్యాబ్‌లో పెంచే కణాల మీద వ్యాసం రాస్తూ వాటిని ‘తొలి దశ రొమ్ము క్యాన్సర్ కణ నమూనాలు’ అన్నాను. విజయవాడలో ఉండే మా అన్నయ్య చదివి, ‘పేషెంట్ల దగ్గర తీసిన శాంపిళ్లా?’ అని అడిగాడు. నమూనా అనడం తప్పా? అలాగే ‘తొలి దశ’ అనాలా, ‘ప్రాథమిక దశ’ అనాలా?
– ఒక జువాలజీ లెక్చరర్, గుంటూరు

సమాధానం: మాట తప్పు కాదమ్మా, సమాసమే మిమ్మల్ని ఇరుకున పెట్టింది. పారశీకం నుంచి వచ్చిన ఈ నమూనా మన దగ్గర రెండు కొలువులు చేస్తోంది. ‘నీటి నమూనాలు సేకరించారు’ అంటే శాంపిల్. ‘నమూనా ప్రశ్నపత్రం’ అంటే మోడల్. పక్కనున్న మాటను బట్టి ఏదో తేలిపోతుంది గనక ఎవరికీ ఇబ్బంది లేదు. మీ సమాసంలో అది తేలదు. ‘కణాల యొక్క నమూనా’ అని షష్ఠీ తత్పురుషగా విప్పితే శాంపిల్, ‘కణాలే నమూనా’ అని కర్మధారయంగా విప్పితే మోడల్. మీరు రెండోది రాశారు, ఆయన మొదటిది చదివారు. (సంస్కృత కణానికి పారశీక నమూనాను ముడివేస్తే వైరి సమాసం అనేవారూ ఉంటారు. పత్రికలు ఆ పట్టింపు ఎప్పుడో వదిలేశాయి, నేనూ వదిలేశాను.)

ఇక్కడ శాంపిల్ అని చదివితే భాషే కాదు, విషయమూ తప్పుతుంది. తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు మోడల్‌గా వాడే ఎంసీఎఫ్10 డీసీఐఎస్ అనే కణాలనే తీసుకోండి. అవి తొలి దశ రోగి నుంచి తీసినవి కావు. వాటి మూలం ఎంసీఎఫ్10ఏ, అంటే క్యాన్సర్ లేని ఒకావిడ రొమ్ము కణజాలం నుంచి వచ్చిన కణాలు. వాటిలోకి క్యాన్సర్ జన్యువును చొప్పించి, చిట్టెలుకల్లో పెంచి, ఆ గడ్డల నుంచి తిరిగి తీసి సిద్ధం చేశారు. 2000లో లోకానికి తెలిసిన ఈ కణాలను రోగనిరోధక శక్తి లేని చిట్టెలుకలో పెడితే, మొదట పాల నాళం లోపలే ఉండిపోయే గడ్డలా పెరుగుతాయి. తర్వాత గోడ దాటి బయటికి పాకుతాయి. ఆ దాటే ఘట్టాన్ని చూపిస్తాయి కాబట్టే వాటికంత విలువ. అందరూ వాడే ఎంసీఎఫ్-7 కణాలైతే, వ్యాధి బాగా ముదిరిన రోగి ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటి నుంచి వచ్చాయి. వాటికి ‘తొలి దశ’ అని తగిలించనేకూడదు.

శాంపిల్‌కు తెలుగులో ‘మచ్చు’ ఉంది. మిర్చి బస్తాలోంచి తీసి చూసే గుప్పెడు కాయలు మచ్చే. ఆ లెక్కన బయాప్సీకి తీసే ముక్క అసలైన మచ్చుతునక! కానీ ఆ మాటను సాహిత్య విమర్శకులు పొగడ్తల కోసం ఎత్తుకుపోయారు. ఆస్పత్రిలో ‘ముక్క పరీక్షకు పంపారు’ అంటారు, అది చాలు. మోడల్‌కు దగ్గరి మాట టైలర్‌కు ఇచ్చే ‘ఆది’. అయితే ‘ఆది కణాలు’ అంటే సృష్టిలో మొట్టమొదటి కణాలనుకుంటారు. అందుకని మొహమాటపడకుండా మోడల్ అనే రాయండి, సమాసం విప్పేసి: ‘తొలి దశ రొమ్ము క్యాన్సర్‌కు మోడల్‌గా ల్యాబ్‌లో పెంచే కణాలు’. కాస్త పొడుగే, కానీ ‘కు’, ‘గా’ ఉన్నాక ఎవరూ పొరపడరు. ఒకసారి అలా చెప్పాక ‘మోడల్ కణాలు’ అంటే సరిపోతుంది.

ఇక రెండోది: ‘తొలి దశ’ అనే ఉంచండి. ‘ప్రాథమిక దశలోనే గుర్తిస్తే నయమవుతుంది’ అని పేపర్లో రాస్తే తప్పేం లేదు. మీ వ్యాసంలో మాత్రం, శరీరం నుంచి నేరుగా తీసి పెంచే కణాలను (ప్రైమరీ సెల్స్) ప్రాథమిక కణాలనాల్సి వస్తుంది. అవి సాధారణంగా కొన్నాళ్లకు విభజన ఆపేస్తాయి, మోడల్ కణాల్లా ఏళ్ల తరబడి పెరగవు. రెండూ ఒకే పేరాలో పడితే ఏ ప్రాథమికం దేనిదో తేల్చుకోవడం కష్టం.