లిఫ్టు ప్రమాదానికి సెక్రటరీ ఇల్లు పోతుందా?

ప్రశ్న: హనుమకొండ నక్కలగుట్టలో మాది 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. రిటైరై ఖాళీగా ఉన్నానని నన్ను సంఘం సెక్రటరీని చేశారు. లిఫ్టు తలుపు లాక్ మార్చాలని సర్వీసు కంపెనీ మూడు నెలల కింద లెటర్ ఇచ్చింది. మీటింగులో పెడితే డబ్బులకు ఎవరూ ఒప్పుకోలేదు. మొన్న లిఫ్టు రాకముందే తలుపు తెరుచుకుని, పాలు వేసే అబ్బాయి గుంతలో పడ్డాడు. కాలు విరిగింది. కేసు పెడతామంటున్నారు. నా ఫ్లాటు జప్తు చేస్తారా? కమిటీవాళ్లకు ఇన్సూరెన్స్ ఉంటుందట, తీసుకోవచ్చా? రాజీనామా చేయమని ఇంట్లో ఒకటే పోరు.

జవాబు: ముందు సంఘం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసి చూడండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, 18వ సెక్షన్ ప్రకారం మీ సంఘానికి చట్టంలో సొంత ఉనికి ఉంది. పరిహారం దావాకు జవాబు చెప్పాల్సింది ప్రధానంగా సంఘమే. మీ సొంత నిర్లక్ష్యం రుజువైతే తప్ప మీ ఫ్లాటు జోలికి రావడం కష్టం. రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ రక్షణ ఉండదు.

నాకు భయం పుట్టిస్తున్నది సర్వీసు కంపెనీ ఇచ్చిన ఆ లెటరే. లాక్ మార్చాలని మీకు ముందే తెలుసని అది చూపిస్తుంది. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయమంటుంది. నిర్లక్ష్యం వల్ల అది జరిగితే భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణమే పోయి ఉంటే 106 కింద ఐదేళ్ల దాకా. క్రిమినల్ కేసులో సంఘం పేరు చెప్పి తప్పుకోలేరు, ఎవరి తప్పు వారిదే. సభ్యులు డబ్బులివ్వలేదన్న మాట మీకు కొంత పనికొస్తుంది, అదీ మినిట్స్‌లో రాసి ఉంటేనే. అయినా అవతలి లాయర్ ఒకటే అడుగుతాడు: లాక్ మార్చడానికి డబ్బు కావాలి, లిఫ్టు ఆపి బోర్డు పెట్టడానికి ఏం కావాలి? ఆ బోర్డు పెట్టారో లేదో మీరు రాయలేదు.

ఇక ఇన్సూరెన్స్. కమిటీవాళ్ల కోసం ఏజెంట్లు చెప్పేది డి అండ్ ఓ (డైరెక్టర్స్ అండ్ ఆఫీసర్స్), అంటే సంస్థను నడిపేవాళ్ల పాలసీ. లెక్కల్లో తేడా వచ్చిందనో, కాంట్రాక్టు తప్పుగా ఇచ్చారనో మీ నిర్ణయాల మీద కేసు వేస్తే లాయర్ ఖర్చు, పరిహారం భరిస్తుంది. ఒంటికి తగిలిన గాయాలను మామూలుగా అందులోంచి తీసేస్తారు. వాటికి లిఫ్టును కూడా కలిపి పబ్లిక్ లయబిలిటీ పాలసీ, అంటే బయటివాళ్లకు గాయమైతే పరిహారం భరించేది, తీసుకోవాలి. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు ఇదే తీసుకోండి. ప్రీమియం సంఘం నిధి నుంచి తీర్మానం మీద కట్టవచ్చు. అయితే మొన్నటి ప్రమాదానికి ఇవాళ కొన్న పాలసీ పనికిరాదు. ఆ ప్రమాదాన్ని దాచిపెట్టి పాలసీ కొంటే రేపటి క్లెయిమూ పోతుంది. జైలును, జరిమానాను ఏ పాలసీ మోయదు.

మీరు అడగకపోయినా, సెక్రటరీగా మీరు జాగ్రత్తపడాల్సింది ఇంకోటి. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించితే చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. చనిపోతే కుటుంబానికి 30 లక్షల పరిహారం అని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. మిషన్ బండినే పిలవండి.

రాజీనామా చేసినా పాత బాధ్యత పోదు. చేస్తే ఫైళ్లు అప్పగించి సంతకం తీసుకోండి, లెటర్ కాపీ మీ దగ్గర పెట్టుకోండి. ఇప్పుడు కూర్చుని పాత తేదీతో తీర్మానం రాద్దామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోవద్దు. దొంగ సాక్ష్యం సృష్టించారని అది మీ మీద ఇంకో కేసు అవుతుంది.